కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిన మనిషి

నూజివీడు రోడ్డు మీద మామిడికాయల లారీ వెనక ఇరుక్కున్నాం. పచ్చి సొన వాసన ఘాటుగా కారులోకి వచ్చింది. ఆ వాసనకి నాకు విశ్వనాథం గారు గుర్తొస్తారు. ముసునూరులో ఆయనకి తోట ఉండేది. కోతల రోజుల్లో డ్యూటీకొస్తే ఆయన చొక్కా ఇలాగే వాసన వేసేది.

విమానాశ్రయం టవర్‌లో నాకు పని నేర్పింది ఆయనే. ఎప్పుడు దిగాలో, ఎంత ఎత్తులో ఉండాలో పైలట్లకు రేడియోలో చెప్పే ఉద్యోగం మాది. చేరిన కొత్తలో ఒక పైలట్‌ని త్వరగా కిందికి దిగమని, అదే ఊపులో వేగం తగ్గించమని చెప్పాను. రెండూ కుదరవన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"చెప్పింది చెయ్యడానికేమండీ ఆయనకి?" అన్నాను.

విశ్వనాథం గారు కోప్పడలేదు. "వాలులో సైకిలు తొక్కావా అమ్మా? కిందికి పోయేకొద్దీ వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? విమానమూ అంతే. ముందు ఒకటి అడుగు, అదయ్యాక రెండోది."

ఆ వారమే నన్ను ఫ్లయింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళి, రెండు సీట్ల చిన్న విమానంలో పైలట్ పక్కన కూర్చోబెట్టారు. ఎండవేళ వేడిగాలికి విమానం ఎగిరెగిరి పడింది. పైలట్ రెండు చేతులూ ఖాళీ లేవు. రేడియోలో ఎవరో ఏదో అడుగుతున్నారు. విమానం కుదురుకునేదాకా ఆయన పలకలేదు. టవర్‌లో ఉన్నప్పుడు అలాంటి మౌనాన్ని నేను పొగరనుకునేదాన్ని.

విశ్వనాథం గారికీ విమానం నడపడం వచ్చు. దిగాక టీ తాగుతూ ఆయన్ని అడిగాను, ఎందుకు నేర్చుకున్నారని.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ట్రైనింగులో ఉన్న కుర్రాడమ్మా. ఇంజిన్ ఆగిపోయింది. రేడియోలో నేనే ఉన్నా. ఎంత ఎత్తులో ఉన్నావు, ఇంధనం ఎంతుంది, ఎక్కడ దిగుతావు అని అడుగుతూనే ఉన్నా. అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పాడు. దిగడానికి పొలం వెతుక్కోవాల్సిన టైమంతా నాకే ఇచ్చేశాడు. దక్కలేదు. విచారణలో నా తప్పేం లేదన్నారు. ఆ తర్వాతే నేర్చుకున్నా."

ఆయన రిటైరైన కొన్నేళ్ళకి నాకూ అలాంటి రోజొచ్చింది. ఒంటరిగా ఎగురుతున్న ఒక విద్యార్థిని, ఇంజిన్ ఆగిపోయిందని రేడియోలో చెప్పింది. గాలి ఎటు వీస్తోందో చెప్పాను. రన్‌వే నీదే అన్నాను. మిగతా విమానాలను దూరంగా ఉంచి, ఇక నోరు మెదపలేదు. ఊరుకోవడం అంత కష్టమని అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి దిగింది.

మర్నాడే ముసునూరు వెళ్ళాను. పక్షవాతం వచ్చి ఆయన మంచంలో ఉన్నారు. "మనుషుల్ని పోల్చుకోవట్లేదమ్మా. అయినా చెప్పు, వింటారు," అన్నారు ఆయన భార్య. జరిగిందంతా చెప్పాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"కుర్రాడు దిగాడా?"

నేను చెప్పింది అమ్మాయి గురించి. ఆయన అడుగుతున్నది ఎవరి గురించో అర్థమైంది.

"దిగాడండీ. పొలంలో క్షేమంగా దిగాడు."

కాసేపాగి మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే భార్య కొంగుతో తుడిచారు. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

ఇప్పుడు నేనూ కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నాను. ఒక్కసారైనా వాళ్ళని చిన్న విమానంలో కూర్చోబెడతాను. నా మటుకు నేను, మైకు బటన్ మీద వేలు పెట్టాక ఒక్క క్షణం ఆగుతాను. అవతలి మనిషి చేతులు ఇప్పుడేం చేస్తున్నాయో ఊహించుకుంటాను. చాలాసార్లు, అడగబోయిన మాట అడక్కుండానే వేలు తీసేస్తాను.