మద్రాసు రోడ్డు మీద మా రాళ్ళు

దయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. మా నాన్న నెల్లూరులో లెక్కల మాస్టారు. చీకట్లో ఏదో కనిపించిందని ఎవరైనా అంటే, దీపం తీసుకుని వెళ్ళి చూసి రమ్మనేవారు. నేనూ అలాగే పెరిగాను. బీఏ చదివాను. పెళ్ళయి వెంకటాచలం దగ్గరి ఈ ఊరికి వచ్చాక కూడా, గాలి సోకిందనో నీడ పడిందనో ఎవరేం చెప్పినా నవ్వి ఊరుకున్నాను. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి రెండేళ్ళు పట్టింది.

పాప నిద్రపోయింది. మా వీధికి కరెంటు ఇంకా రాలేదు కనుక లాంతరు పెట్టుకుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా ఊరు మద్రాసు రోడ్డును ఆనుకుని ఉంది. ఆ రోడ్డుకు తారు పడినప్పటి నుంచీ మావాళ్ళకు అదే కళ్ళం. ఎడగారు, అంటే రెండో పంట, కోతలప్పుడు వడ్లు పచ్చిగా ఉంటాయి. నల్లటి తారు మీద పోస్తే ఒక్క ఎండకే గలగలమంటాయి. లారీలు తొక్కకుండా వడ్ల చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గులకరాళ్ళు కావు, రెండు చేతులతో ఎత్తాల్సినవి. సాయంత్రం వడ్లు బస్తాలకు ఎత్తుకుని ఇంటికి పోతారు. రాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. రేపు మళ్ళీ మోయడం ఎందుకని.

లారీ డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు, పెద్ద దీపాలుంటాయి, ఆ రాళ్ళు కనిపిస్తాయి. సైకిలు మీద వచ్చేవాడికి మీదికి వచ్చేదాకా కనిపించవు. నడిచేవాళ్ళు వాటిని తప్పించుకోబోయి రోడ్డు మధ్యకు జరుగుతారు. ఊరూరా తిరిగి గాజులమ్మే మస్తాన్ సాహెబు ఒక చీకటి పూట మా ఊరి రాళ్ళకే తగిలి పడ్డాడు. గాజుల పెట్టె మొత్తం పోయింది. కాలు విరిగి, ఆ తర్వాత సైకిలు తొక్కలేకపోయాడు.

మా ఆయనది నెల్లూరులో ఉద్యోగం. రోజూ ఆ రోడ్డు మీదే సైకిలు తొక్కుతూ వచ్చేవారు. పొద్దుగూకేసరికి నాకు ఇంట్లో ఏ పనీ సాగేది కాదు. సాహెబు పడ్డాక ఇంక ఉండలేక, కనిపించిన వాళ్ళందరినీ వడ్లతో పాటు రాళ్ళు కూడా తీసెయ్యమని అడగడం మొదలుపెట్టాను.

"బీయే చదివిన కోడలొచ్చి మన చేత రోడ్డు ఊడిపిస్తా ఉండాది" అని పక్కింటి సుబ్బరామయ్య మామ అందరిలో నవ్వాడు. మా అత్తకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి నన్ను తగులుకుంది. "నీ మొగుడొక్కడేనామే ఆ రోడ్డున పొయ్యేది? ఇన్నేళ్ళ నుంచి జనం పోలా, రాలా?"

ఆ రోజు సాయంత్రం సముద్రం వైపు నుంచి ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. అత్త, కూలీలు పరుగెత్తుకెళ్ళి వడ్లు ఎత్తి, తొలి చినుకుకు ముందే ఇల్లు చేర్చారు. వాన కుండపోతగా కురిసి, అంతే తొందరగా ఆగిపోయింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు.

పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. వసారాలో నా ఎదురుగా కూర్చుని ఉంది. అప్పుడు గుమ్మం బయట గంట మోగింది.

మా ఆయన సైకిలు గంటలో స్ప్రింగు పోయింది. ట్రింగుమని మొదలై, టక్కున తెగిపోతుంది. ఊళ్ళో ఇంకే సైకిలు గంటా అలా మోగదు. నాకంటే ముందు పాప విన్నది. రోజూ ఆయన వచ్చినప్పుడు చేసినట్టే, గుమ్మం వైపు రెండు చేతులూ చాచింది. నేనొక్కదాన్నే విని ఉంటే నా భయమే అనుకునేదాన్ని.

పాపను ఎత్తుకుని బయటికి వెళ్ళాను. ఎవరూ లేరు. గంట మళ్ళీ మోగింది, ఈసారి వీధి చివర. పాప నా చంకలోంచి అటే వంగింది. నేను నడిచాను. ఇంకోసారి రోడ్డు మీద మోగింది.

"యాడికిమే, తడిలో బిడ్డనెత్తుకోని?" అని వెనక నుంచి అత్త.

"ఆయన గంట మోగింది అత్తా."

"నాకేం వినపళ్ళా" అంటూనే, పాప తల మీద కప్పడానికి గోతం పట్టుకుని వెంట వచ్చింది. అత్తకు గోడవతల గిన్నె కదిలినా వినిపిస్తుంది.

రోడ్డు మీద సైకిలు లేదు. తడిసిన నల్లటి తారు మీద తడిసిన నల్లటి రాళ్ళు వరసగా ఉన్నాయి. ఒకటి నా కాలి వేలికి తగిలేదాకా కనిపించలేదు. అత్త వంగి చూసి, "మనయ్యే" అంది. వాన కంగారులో వడ్లు తెచ్చుకున్నారు, రాళ్ళు ఎప్పటిలాగే రోడ్డు మీదే వదిలేశారు.

కొడుకు రావాల్సింది ఈ దారినే అని తోచిందేమో, గోతం నా భుజాన వేసి, కొంగు బిగించి, మొదటి రాయి తనే ఎత్తింది. ఒక్కతి వల్ల అయ్యే పని కాదని ఊళ్ళోకి వినబడేటట్టు కేక పెట్టింది. సుబ్బరామయ్య మామ పెళ్ళాం కాంతమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. "కోడలు చదివితే అత్త రాళ్ళు మోస్తా ఉండాదే!" అని కాంతమ్మ పకపకా నవ్వింది.

"నోటితో మొయ్యబాకమే, చేత్తో మొయ్యి" అంది అత్త.

ఆఖరి రాయి రోడ్డు దిగువకు దొర్లిందో లేదో, మద్రాసు వైపు నుంచి మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. దాని దీపం వెలగడం లేదు. ముందు ఒకతను, వెనక అతని భార్య, ఆమె ఒళ్ళో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. రాళ్ళు ఉన్న చోటు మీదుగానే, మా మీదికి నీళ్ళు చిమ్ముకుంటూ, దూసుకుపోయారు. మా వైపు చూడనైనా లేదు.

అత్త పాపను నా దగ్గర నుంచి తీసుకుని తన చంకన వేసుకుంది.

మా ఆయన ఆ తర్వాత నెల్లూరు బస్సులోంచి దిగారు. సైకిలు చక్రం వంగిందని మధ్యాహ్నమే రిపేరు షాపులో ఇచ్చేశారట. వాన మొదలుకాగానే ఆ షాపతను సైకిళ్ళన్నీ లోపల పెట్టి తాళం వేసి వెళ్ళాడని మర్నాడు కనుక్కుని వచ్చి చెప్పారు. ఆ గంట కూడా ఆ తాళం వెనకే ఉంది.

ఆ సాయంత్రమే లాంతరు పట్టుకుని వీధంతా చూశాను. బురదలో నా అడుగులున్నాయి, అత్త అడుగులున్నాయి, ఆ ఆడవాళ్ళవి ఉన్నాయి. సైకిలు చక్రం గీత ఎక్కడా లేదు.

మర్నాడు మా అత్త రోడ్డు మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "రాళ్ళు ఎత్తకుండా ఎవురి బస్తా ఊళ్ళోకొచ్చినా, నేనే విప్పి కింద పోస్తా." సుబ్బరామయ్య మామ నవ్వబోతే కాంతమ్మే ఆయన నోరు మూయించింది. అప్పటి నుంచి కోతల రోజుల్లో పొద్దుగూకే ముందు మా ఊరి ఆడవాళ్ళు వరసగా నిలబడి రాళ్ళు అందించుకుంటారు. చూసి పక్క ఊరివాళ్ళూ మొదలుపెట్టారు. మా ఊరి దగ్గర మళ్ళీ ఎవరూ రాళ్ళకు తగిలి పడలేదు. బీఏ పాసయిన రోజున కూడా నేను ఇంత గర్వపడలేదు. ఆ వరసలో అందరికంటే ముందు నిలబడేది మా అత్త.

గంట సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన కోసమని పరుగెత్తాను, ఆయన ఆ రోడ్డు మీద లేనే లేరు. పాప విన్నది, అత్త వినలేదు. ఎన్ని విధాల ఆలోచించినా దానికి కారణం చెప్పలేను.

ఆ మోటారు సైకిలు వాళ్ళెవరో, ఏ ఊరో మాకు తెలియదు. వాళ్ళకూ ఏమీ తెలియదు. వానకు తడిసి ఇంటికి పోయిన ఒక మామూలు సాయంత్రం అది, గుర్తుండి కూడా ఉండదు. ఆ బిడ్డకు ఇప్పుడు ఇంచుమించు మా పాప ఈడే ఉంటుంది. ఈ వేళకు ఎక్కడో అమ్మ పక్కన నిద్రపోతూ ఉంటుంది.