పెన్సిల్‌తో దిద్దిన డ్రాయింగ్

నేను బడిలో చదువుకోలేదు. యంత్రభాగాల డ్రాయింగులు చూసిచూసి వాటిని చదవడం నేర్చుకున్నాను. భిలాయిలో మా వర్క్‌షాపు చేసే ఒక షాఫ్టు, అంటే మిషన్లో తిరిగే ఇనప కడ్డీ, లావు తగ్గే చోట మూల పదునుగా ఉండి తరచూ విరిగేది. మూల గుండ్రంగా చెయ్యాలని మా దగ్గరున్న నకలు కాగితం మీద పెన్సిల్‌తో దిద్ది, ఆఫీసులో అసలు డ్రాయింగ్ కూడా మార్చమన్నాను.

"దిద్దేవు కదా, చాల్లే," అన్నాడు ఇంజనీరు.

నేను సెలవులో ఉండగా మా కాగితం చిరిగిందని ఆఫీసు నుంచి కొత్త ప్రతి తెచ్చారు. అందులో నా దిద్దుబాటు లేదు. పక్క లేత్ మీద పనిచేసే మా బావ దాని ప్రకారమే చేశాడు. తిప్పి చూస్తుంటే షాఫ్టు విరిగి అతని కుడిచెయ్యి పోయింది.

"కాయితంలో ఉన్నట్టే చేసేను కదరా, నా తప్పేటి?" అని ఆస్పత్రిలో అడిగాడు.

ప్రమాదం రిపోర్టులో తప్పు పనివాడిదేనని రాసి, ఆ మర్నాడే అసలు డ్రాయింగ్ మార్చారు ఆఫీసు పెద్దమనుషులు.

బావ ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వస్తాడు. ఎడమచేత్తో తినాల్సొస్తుందని బంతిలో మాత్రం కూర్చోడు.