అర్జీ చదివి వినిపించే పెద్దమ్మ

మొన్న మంగళవారం ఉదయం అంబత్తూరు నుంచి ఫోను వచ్చింది. ఒకప్పటి మా పక్క వాటా పెద్దమ్మ పోయింది. "నిద్రలోనే పొయ్యిందక్కా, ఎవురినీ ఇబ్బంది పెట్టలేదు" అంది ఆమె కూతురు. ఫోను పెట్టేశాక, లోపల కాఫీ తాగుతున్న అమ్మకు ఈ మాట ఎలా చెప్పాలా అని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మా అమ్మ ఇవాళ కాఫీ తాగుతోందంటే అందులో ఆ పెద్దమ్మ చలవ ఎంతో ఉంది. దాన్ని గురించే మీకు చెప్పాలని కూర్చున్నాను.

పెద్దమ్మ అని పిలిచేవాళ్లమే గాని ఆమె మాకు చుట్టం కాదు. తొంభైలలో తమిళుల నడుమ, జార్జి టౌన్‌లోని ఒక సందులో, నాలుగు వాటాలున్న పాత ఇంట్లో పక్కపక్కన కాపురమున్నాం. నాన్న కాగితాల హోల్‌సేల్ దుకాణంలో బరువులు మోసేవాడు. నేను ఒక బైండింగ్ షాపులో పనిచేసేదాన్ని. పెద్దమ్మది సర్కారు కొలువు. పెద్ద ఆపరేషన్లు చేయించుకోలేని పేదలకు రాష్ట్ర ప్రభుత్వం సాయమిస్తుంది కదా, ఆ అర్జీలు చూసే విభాగంలో ఆమె గుమాస్తా.

మధ్యాహ్నం అందరికంటే ముందే తన సీట్లోనే టిఫిన్ ముగించి, భోజన విరామంలో ఆఫీసు వరండాలో కూర్చునేది. రాయడం రానివాళ్లకు అక్కడ అర్జీలు రాసిపెట్టేది. రాసి ఊరుకునేది కాదు, మొత్తం పైకి చదివి వినిపించేది. నేనోసారి పని మీద వెళ్లి అది చూశాను. ఒక ముసలాయన "చాలమ్మా, యాడ వేలిముద్ర వెయ్యాల?" అని తొందరపడితే, "ఉండు తాతా. నీ పేరుతో సర్కారుకి ఏం చెప్తా ఉండానో నీకు తెలియొద్దా?" అంది. ఆయన మళ్లీ కూర్చుని చివరిదాకా విన్నాడు.

ఆ రోజుల్లోనే అమ్మకు జబ్బు చేసింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందనీ ఆపరేషన్ చెయ్యాలనీ పెద్దాసుపత్రి డాక్టర్లు చెప్పారు. కొత్త కవాటానికి సర్కారు సాయం కావాలి. అర్జీ, రేషన్ కార్డు నకలు, ఆదాయం సర్టిఫికెట్, డాక్టరు రాసిన ఉత్తరం అన్నీ పెట్టి ఇచ్చాం. అవి సరిచూసి, పై అధికారి సంతకమై, ఆసుపత్రికి మంజూరు ఉత్తరం పోవాలి.

నెల గడిచింది. అమ్మ కాళ్లకు నీరు పట్టింది. ఒక సాయంత్రం నాన్న పక్క వాటా గడపలో నిలబడ్డాడు. "అక్కా, మా కాగితం రవంత పైన పెట్టక్కా. నీ చేతిలో పనే కదా."

పెద్దమ్మ లేచి గడప దగ్గరికి వచ్చింది. "మీది పైన పెడితే ఇంకోటి కిందికి పోతాది తమ్ముడా. ఆ కిందికి పొయ్యేది ఎవురిదో నీకు తెలీదు. నాకు తెలుసు. నా వల్ల కాదు" అంది.

నాన్న తిరిగి వచ్చేశాడు. మర్నాడు పెద్దమ్మ అమ్మకోసం ఉప్పు లేని చారు కాచి పంపింది. ఆ గిన్నెను మూత కూడా తియ్యకుండా తీసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టి వచ్చింది నేనే. ఇవాళ ఇది రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

పది రోజులకు మా అర్జీ వెనక్కి వచ్చింది. రేషన్ కార్డులో అమ్మ పేరుగా ఉన్న పాక్కియమ్మాళ్, ఆసుపత్రి చీటీలో ఉన్న భాగ్యమ్మ ఒకరేనని రుజువు లేదట. ఆ రాత ఎవరిదో చూడగానే తెలిసింది. పెద్దమ్మదే.

నాన్న ఆ కాగితం పట్టుకుని నడవలోకి వచ్చి అరిచాడు. "ఇన్నేండ్లుగా భాగ్యమ్మా భాగ్యమ్మా అని పిలస్తా ఉండావే! ఇది ఎవురో నీకు తెలీదా?"

పెద్దమ్మ బయటికి వచ్చింది. "నాకు తెలుసు. పైన సంతకం పెట్టే ఆయనకి తెలీదు. ఇట్లే పంపితే ఆడ్నించి తిరిగొస్తాది, మళ్లా రెండు నెలలు. ఇప్పుడే సరిచేసుకుంటే వారం. రేపు లీవు పెట్టినా. పాపను నాతో పంపు."

లోపలి నుంచి అమ్మ, ఆయాసపడుతూ, "పోయిరా మే" అంది నాతో.

ఆ రుజువిచ్చే తాసిల్దారు ఆఫీసులో వరస వీధిదాకా ఉంది. తానూ సర్కారు ఉద్యోగినేనని ఒక్క మాట చెబితే లోపలికి పిలిచేవాళ్లు. చెప్పలేదు. ఎండలో నా పక్కనే, కొంగు తలమీద వేసుకుని నిలబడింది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"ఎన్నమ్మా ఇదు? పేర్లు వేరేగా ఉన్నాయే" అన్నాడు లోపలి ఉద్యోగి తమిళంలో.

పెద్దమ్మ కూడా తమిళంలోనే నెమ్మదిగా చెప్పింది. "తెలుగులో ప, ఫ, బ, భ అని నాలుగున్నాయి సార్. మీకు నాలుగింటికీ ఒకటే అక్షరం. భాగ్యమ్మ మీ కార్డులోకి వచ్చి పాక్కియమ్మాళ్ అయింది. మనిషి మారలేదు."

ఆయన భాగ్యమ్మ అనే పేరును తనలో తాను రెండు మూడుసార్లు పలికి చూసుకున్నాడు. నవ్వొచ్చింది ఆయనకే. "భ... సరి సరి, కూర్చోండి" అన్నాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకరేనన్న సర్టిఫికెట్ నా చేతిలో ఉంది. తిరిగి వస్తూ బస్సులో, "ఆ రోజు చారు..." అని నేను మొదలుపెట్టాను. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూనే, "అమ్మకి బాగయినాక ఉప్పేసి కాస్తాలే" అంది.

మా అర్జీ దాని వరసలోనే కదిలింది. మంజూరు వచ్చింది. ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి అమ్మను తీసుకొచ్చిన రోజు నాన్న పక్క వాటా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మే, "ముందు మందులు యాళకి ఇయ్యి తమ్ముడా" అని పంపేసింది.

మంజూరైన పేర్ల జాబితాలో మా ముందున్నదెవరని నేను చాలా ఏళ్ల తరవాత అడిగాను. పెరంబూరు వైపు నుంచి వచ్చిన ఒక బాలింత అని చెప్పింది. అంతకుమించి చెప్పలేదు.

ఈ నాలుగు రోజులుగా నాకు పదేపదే కళ్లముందు కదిలేది మాత్రం ఒక్కటే. ఆపరేషన్ అయిన మూడు నెలలకు అమ్మ మొదటిసారి ఒంటరిగా మిద్దె మెట్లెక్కింది. పైన ఎండలో పెద్దమ్మ ఉతికిన చీరలు ఆరేస్తోంది. అడుగుల చప్పుడు విని పై మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. కింద నేను భయంతో కదలబోతే చేత్తో ఆగమంది. తాను చెయ్యి అందించలేదు. "నిదానంగా రా భాగ్యమ్మా. ఎవురూ తరమటంలే" అంది. అమ్మ ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, ఊపిరి చూసుకుని, మళ్లీ ఎక్కుతోంది. ఆఖరి మెట్టు దగ్గర పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి జరిగి దారిచ్చింది. ఆమె వెనక తడి చీరలు గాలికి లేచి, అమ్మ ముఖం మీద ఎండ పడింది.