మూలకి మూల కలవని ట్రక్కు

1983 నవంబరు మొదటి శనివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా అల్లుడి ట్రక్కుకు కుడివైపు కొత్త చెయ్యి పట్టలేదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. గడియారం చూడటం మాత్రం వచ్చు. మేము పని చేసుకుంటున్న గ్యారేజీ పక్కింటి ముసలాయనది. దాని గోడకు పళ్లెమంత గడియారం ఉండేది. అందుకే ఆ టైము అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

చెయ్యి అంటే ముందు చక్రాన్ని బండి చట్రానికి పట్టి ఉంచే ఇనుప ముక్క. ఇంగ్లీషులో కంట్రోల్ ఆర్మ్ అంటారు. చూడటానికి పంగలకర్రలా ఉంటుంది. చీలిన వైపు రెండు బోల్టులతో చట్రానికి బిగుస్తుంది, కొన చక్రం వైపు ఉంటుంది. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి.

మేము పరాయి దేశంలో, నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మాయి అక్కడికి ఇరవై మైళ్ల దూరంలో ఆసుపత్రిలో నర్సు. రోజూ కారులో ఎక్కించుకుపోయే తోటి నర్సు వేరే ఊరికి మారిపోయింది. ఇక సోమవారం నుంచి అమ్మాయి ఒక్కతే ఈ ట్రక్కు నడుపుకుంటూ హైవే మీద వెళ్లాలి. మంచు పడే రోజులు దగ్గరకొచ్చాయి. ట్రక్కేమో స్టీరింగు కాస్త వదిలితే చాలు, కుడికి లాగేది. కుడి టైరు ఒక అంచున అరిగిపోయి నున్నగా అయింది. ఆ ఇనుప చేతుల్లోని రబ్బర్లు పోయి ఉంటాయని అల్లుడు కేటలాగు చూసి కొత్త జత తెప్పించాడు. బండి చేసిన కంపెనీవి కావు, బయటివాళ్లు చేసి అమ్మేవి.

ఎడమవైపుది గాజు తొడిగినట్టు ఎక్కింది. కుడివైపుది ఒక బోల్టుకు ఎక్కి, రెండోదాని దగ్గర ఆగిపోయింది. పెన్సిలు మందం తేడా.

"రాంగ్ పార్ట్ పంపారు," అన్నాడు అల్లుడు.

"రెండూ ఒకే బాక్స్‌లో వచ్చాయి కదండీ," అంది అమ్మాయి.

"అయితే? పాతది పక్కన పెట్టి మూడుసార్లు మెజర్ చేశాను. హోల్స్ మధ్య డిఫరెన్స్ ఉంది. వీళ్లకి డ్రాయింగ్ చదవడం రాదు."

ఆయన ఆఫీసులో చేసేది ఆ డ్రాయింగుల పనే. కొలత తప్పేమీ కాదు, నేను పక్కనే ఉండి చూశాను.

ముసలాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. కొత్త చేతికి బోల్టు దూరే బెజ్జంలో వేలు పెట్టి చూసి పెదవి విరిచాడు. ఏదో అన్నాడు. ఏమన్నాడే అని అమ్మాయిని అడిగాను.

"హోల్ కాస్త పెద్దది చేస్తే పట్టేస్తుందట అమ్మా. తనైతే మాత్రం చెయ్యడట."

అల్లుడు అప్పటికే ఆకురాయి తీశాడు. "అరగంట పని అత్తయ్యా. మీరు లోపలికి వెళ్లండి, చలిగా ఉంది."

"నా చలి సంగతి అలా ఉంచండి బాబూ," అని, ఊడదీసిన పాత చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చీరంతా గ్రీజు. ఎడమదాని బెజ్జం గుండ్రంగా ఉంది. కుడిదానిది కోడిగుడ్డులా సాగి ఉంది. పైన మందంగా నల్లరంగు పూశారు. గోటితో ఆ రంగు గీకితే లోపల ఆకురాయి గీతలు తగిలాయి.

"మీకంటే ముందు ఇంకెవరో ఇదే అరగంట పని చేశారు," అన్నాను.

"అరిగి అలా అయ్యుంటుంది అత్తయ్యా."

"అరిగితే నున్నగా ఉంటుంది బాబూ. ఇది గరుకుగా ఉంది. కొత్త చెయ్యి బాగానే ఉందేమో. తేడా మీ బండిలోనే ఉందేమో."

ఆయన నవ్వాడు. "మనకు ఈ పాత బండి అమ్మినాయన దీనికి యాక్సిడెంట్ కాలేదని బైబిల్ మీద ఒట్టేశాడు."

"ఒట్టేసింది ఆయన. బండి కాదు కదా."

మా ఆయన కాకినాడలో తాపీ మేస్త్రి. ఇరవై ఎనిమిదేళ్లు దారానికి ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. ఇటుకలు మొయ్యడం వేరే. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు నాలుగు మేకులు కొట్టి, ఈ మూల నుంచి ఎదుటి మూలకి దారం లాగి ముడి వేసేవాళ్లం. తర్వాత అదే దారాన్ని మిగతా రెండు మూలల మధ్య లాగేవాళ్లం. ముడి సరిగ్గా మేకు మీదికొస్తే ఇల్లు సరిగ్గా నిలబడుతుంది. రాకపోతే మేకు పీకాల్సిందే. దీనికి అంకెలు అక్కర్లేదు. అందుకే ఆ పని నాకు వచ్చింది.

దారం, ఒక బరువైన నట్టు కావాలని అడిగాను.

"అమ్మా, ఇదేమన్నా ఇల్లనుకున్నావా?"

"నాలుగు మూలలున్నాయా లేవా?"

ముసలాయన పురికొస ఉండ తెచ్చి ఇచ్చాడు. ట్రక్కు ముందుభాగం స్టాండ్ల మీద ఉంది. గ్యారేజీ నేల సిమెంటు, మట్టంగా ఉంది. చట్రానికి ముందు కుడివైపు ఏ బోల్టు ఎంచుకున్నానో, ఎడమవైపు కూడా అదే బోల్టు. వెనకాల కూడా అలాగే రెండు. ఒక్కోదాని నుంచి నట్టు కట్టిన దారం వేలాడదీసి, ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, కింద సుద్దతో చుక్క పెట్టించాను. అమ్మాయి అట్టముక్క మీద పడుకుని బండి కిందికి పాకింది. చిన్నప్పటి నుంచీ దానికి ఈ పని చేతనవును. ఇసక కుప్పల మీదే పెరిగింది.

ఎడమ ముందు చుక్క నుంచి కుడి వెనక చుక్కకి దారం లాగి ముడి వేశాం. కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి మళ్లీ లాగాం. ముడి చుక్కను దాటి రెండు వేళ్ల మేర బయటికి వచ్చింది.

"గట్టిగా లాగావా అమ్మా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ లాగుతున్నానే."

కొసలు మార్చుకుని మళ్లీ లాగాం. అదే రెండు వేళ్లు. అల్లుడు స్టీలు టేపు పెట్టి చూశాడు. టేపు కూడా అదే చెప్పింది.

ఆ నాలుగు సుద్ద చుక్కలు మా ఊరి నల్లమట్టిలో ఏ న్యాయం చెప్పేవో ఈ దేశపు సిమెంటు మీద, అంత బరువైన ఇనుము కింద, అదే న్యాయం చెప్పాయి. ఈ బండి మూల ఒకటి ఎప్పుడో వెనక్కి జరిగిపోయింది. ఎవరో దానికి తగ్గట్టు చేతి బెజ్జాన్ని ఆకురాయితో సాగదీసి, రంగు పూసి పంపేశారు. ఆ వంకరతోనే ఇది మా వాళ్లిద్దరినీ మోసుకుంటూ ఆర్నెల్లు హైవే మీద పరుగెత్తింది. ఇనుముకు అంత ఓర్పు ఉంటుందని నాకు తెలియదు.

ముసలాయన టోపీ తీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ చుక్కలనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత టార్చి వేసి కుడివైపు చట్రం మీది బురద గీకాడు. కింద అతుకు ఉంది. అరచేయంత వెల్డింగు. నా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు, అమ్మాయి తెలుగులో చెప్పింది. వాళ్ల ఫ్యాక్టరీలోనూ మూలకి మూలే కొలుస్తారట, దానికొక గదంత యంత్రం ఉందట, నట్టుతో, దారంతో చూడటం మాత్రం ఇదే మొదటిసారట.

"సోమవారం నేను దీన్ని ఎక్కను," అంది అమ్మాయి.

"ఇన్నాళ్లూ తిరిగాం కదా, ఏం కాలేదు," అన్నాడు అల్లుడు.

"ఏం కాలేదు కాబట్టే భయంగా ఉందండీ."

ఆయన ఆకురాయిని పెట్టెలో పడేసి మూత వేశాడు. బెజ్జం పెద్దది చెయ్యడానికి మళ్లీ ఎవరూ దాన్ని తియ్యలేదు. సోమవారం తెల్లవారుజామున అమ్మాయిని తానే ఆసుపత్రి దగ్గర దింపుతానని ముసలాయన అన్నాడు. ఎలాగూ నాలుగింటికే నిద్ర లేస్తాడట. రెండు వారాలు అలాగే దింపాడు.

ఆ తర్వాత ట్రక్కును చట్రాలు సరిచేసే చోటికి లాగించుకుపోయారు. నేనూ వెళ్లాను. గొలుసులు తగిలించి లాగుతుంటే ఇనుము ఈనబోయే ఆవులా మూలిగింది. లాగడం ఆపి, ఆ అతుకు కోసి తీసి కొత్త ముక్క అతికి, మళ్లీ లాగారు. చివరికి అమ్మాయి కుడివైపు కొత్త ఇనుప చేతిని అరచేత్తో నెట్టింది. సుత్తి పెట్టకుండానే రెండు బోల్టులకూ ఎక్కింది. వారం తర్వాత మొదటి మంచులో అమ్మాయి ఒక్కతే ఆ బండి వేసుకుని డ్యూటీకి వెళ్లింది.

ఆ చుక్కలకు సాక్షులెవరని అడిగితే, ఆ శనివారం గ్యారేజీలో ఉన్నది మా అమ్మాయి, మా అల్లుడు, పక్కింటి ముసలాయన, నేను. ముసలాయన భార్య రెండుసార్లు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది, అయినా ఆవిడ కూడా ఉన్నట్టే.