గాజుల బషీరాబీ నవ్వు

బషీరాబీ తను నవ్వి, ఎదుటివాళ్లను నవ్వించకుండా ఎవరికీ గాజులు తొడగదు. నవ్వితే పిడికిలి మెత్తబడుతుందట. ఆ నవ్వు వెనక ధర పెంచే ఎత్తు ఉందని అనకాపల్లి ఆడవాళ్లకు ఎప్పుడూ అనుమానమే. యుద్ధంలో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయని తెలిసిన వారం కూడా, గంగాధరంగారి అరుగు మీద కూర్చుని ఆయన కోడలు పద్మకుమారికి నవ్వుతూనే గాజులు తొడుగుతోంది.

"రంగూన్‌లో నీ కొడుకు కబురేటే, బషీరా?" అని అడిగింది అత్తగారు.

"వత్తాడమ్మా. ఓడ దొరకాలి గదా," అని బషీరాబీ ఇంకా నవ్వింది.

"కన్నతల్లి నవ్వేనా ఇది? ఏదో దాత్తంది," అని అత్తగారు కోడలి చెవిలో గొణిగింది.

గాజులన్నీ ఎక్కేశాయి. బషీరాబీ నవ్వుతూనే ఉంది గాని, పట్టుకున్న చెయ్యి వదలడం లేదు. పద్మకుమారి కూడా వెనక్కి తీసుకోలేదు.