సయాం దాకా పోయొచ్చిన ఏలీయా

జమ్మలమడుగు మిషను బడిలో డ్రిల్లు చెప్పే ఏలీయాకు కుర్చీ అంటే గిట్టదు. పిల్లోళ్ళు మైదానంలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాడు. గంట కొట్టి వాళ్ళు లోపలికి పోయినారంటే ఏదో పోగొట్టుకున్నోని మాదిరి అయిపోతాడు. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాడు. గేటు దాకా పోయి రోడ్డు చూసి వస్తాడు. శనివారం బడి మూస్తే చాలు, సైకిలెక్కి ప్రొద్దుటూరో, మైదుకూరో, ముద్దనూరో. పని ఉండి కాదు. పోయి, ఒక టీ తాగి, తిరిగొచ్చేది. పెన్నలో నీళ్ళు లేని కాలంలో ఇసుకలో సైకిలు భుజానేసుకొని దాటేవాడు. వానాకాలంలో నల్లరేగడి చక్రానికీ మడ్గార్డుకూ మధ్య బిగుసుకుంటే పుల్లతో గీక్కుంటా గీక్కుంటా పోయేవాడు.

వాళ్ళ నాయన దాసయ్య బైబిళ్ళ సంచీ తగిలించుకొని ఊరూరా నడిచి అమ్మినోడు. ఆ కాళ్ళే కొడుక్కు వచ్చినాయని పెద్దోళ్ళు అనేవాళ్ళు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఎండాకాలంలో ఇద్దరు బెంగాలీలు ప్రపంచయాత్ర అని రేకు పలక కట్టుకొని సైకిళ్ళ మీద ప్రొద్దుటూరు వచ్చినారు. కమాల్ బాషా సైకిల్ షాపులో వాళ్ళు చెయిను మార్పించుకుంటుంటే ఏలీయా పక్కనే గొంతుక్కూచుని చూసినాడు. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. జపాను దాకా పోవాలని నెల తర్వాత భార్య రత్నమణికి చెప్పినాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు. చాటలో బియ్యం చెరుగుతా, తల ఎత్తకుండానే అనింది:

“నువ్వు ఇంట్లో ఉన్నా ఉన్నట్లుండదు. పోయిరా. పోయొచ్చినాకన్నా ఒకచోట కూచుంటావేమో చూస్తా.”

బడివాళ్ళు జీతం లేని సెలవిచ్చినారు. పాస్టరుగారు దారిలో చర్చీలవాళ్ళకు చూపించుకొమ్మని ఉత్తరం రాసిచ్చినాడు. కమాల్ బాషా సైకిలును ఊడదీసి, కడిగి, బరువు మోసే క్యారియరు బిగించి, ఇరుసులు మాత్రం పాతవే ఉన్నాయి జాగ్రత్త అన్నాడు. దసరా పోయినాక ఏలీయా మద్రాసులో ఓడెక్కి పెనాంగులో దిగి, ఉత్తరంగా తొక్కుకుంటా సయాం దేశంలోకి వచ్చినాడు. ఇప్పుడు థాయిలాండు అంటున్నారు గానీ అప్పట్లో మనోళ్ళకది సయామే.

అంతా రబ్బరు తోటలు. మధ్యలో మడి చేలల్లోంచి రాతిగుట్టలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి, తలమీద పచ్చటి చెట్లతో. వాన మాత్రం పట్టుకొనిందంటే వదలదు. పత్తలుంగ్ దాటినాక ఒక చిన్న రైలుస్టేషను ఊళ్ళో వెనక చక్రం ఇరుసు విరిగింది. అక్కడ సైకిళ్ళు బాగుచేసే చీనా ఆయన దాన్ని విప్పి, విరిగిన ముక్క చూపించి, కొత్తది హాద్‌యాయ్ నుంచి రైల్లో రావాలని సైగ చేసినాడు. వరదకు రైలు కట్ట తెగింది. నాలుగు వేళ్ళు చూపించినాడు. నాలుగు రోజులు.

ఏలీయాకు నాలుగు రోజులంటే జైలు. చీనా ఆయన అటక మీద పడుకొనే చోటిచ్చినాడు, గంజి పోయించినాడు, నవ్వు ముఖంతో పలకరించినాడు. అయినా ఏలీయా అటక మీద నిలవలేదు. స్టేషను నుంచి అంగడి దాకా, అంగడి నుంచి స్టేషను దాకా గొడుగేసుకొని తిరిగినాడు. ఆ ఊరి ఆడోళ్ళు ఈ నల్లటి మనిషికి ఏమైనా పోయిందేమోనని చూసేవాళ్ళు.

మూడో రోజు పొద్దున అంగడి వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

“నిలబడే నీ తల్లి, యాడికి పోతాండావు? ఈడ గడ్డి కనబళ్ళా నీకు?”

ఏలీయా తన చెవుల్ని తాను నమ్మలేదు. కొట్టం పక్కకు పోయి చూస్తే, లుంగీ కట్టుకొని, నడినెత్తిన జుట్టు పలచబడిన మనిషి ఆవుకు పాలు పిండుతున్నాడు. ఏ ఊరప్పా మీది అని ఏలీయా అడిగినాడు. ఆ మనిషి చెంబు కింద పెట్టి, తడి నేల మీదే చతికిలబడినాడు. 

“పులివెందుల.”

ఆయన పేరు సీతాపతి. గుడి పూజారి పెద్ద కొడుకు. పందొమ్మిదేండ్ల కిందట మలయాలో రబ్బరు తోటకు గుమాస్తాగా వచ్చినాడు. ఇప్పుడు నాలుగావులు పెట్టుకొని టీ అంగళ్ళకు పాలు పోస్తాండాడు. భార్య మాలీ ఆ ఊరామె. ఇద్దరాడపిల్లలు. ఏలీయాను ఇంటికి తీసుకుపోయి చాప మీద తన పక్కనే కూచోబెట్టుకొని అన్నం పెట్టించినాడు. చింతపండు పులుసులో ఎండుచేపలు. సీతాపతి కూడా అదే తిన్నాడు. పేరు వింటానే ఏలీయా ఏ కులపోడనేది ఆయనకు తెలిసే ఉంటుంది. పులివెందులలో అయితే ఆ ఇంటి గడప తొక్కడం ఏలీయాకు కల్ల.

తిన్నాక సీతాపతి తన సంగతి చెప్పినాడు. యుద్ధంలో జపానువాళ్ళు మలయా పట్టుకొని, సయాం నుంచి బర్మాకు రైలు దారి వేయాలన్నారు. మూడు నెలల పని, మంచి కూలి అని కాయితం ఇచ్చినారు. ఆ కాయితం తోటలో చదివి తెలుగులో చెప్పింది ఈయనే. మన గుమాస్తయ్య చెప్పినాడు గదా అని అరవై ముగ్గురు తెలుగోళ్ళు బయల్దేరినారు. ఈయన్నీ వాళ్ళతోనే పంపించినారు. అడవిలో రోజూ పొద్దున పేర్లు పిలవడం, పలకనోళ్ళ పేరు కొట్టేయడం ఈయన పని. కలరా, జ్వరాలు, దెబ్బలు. ఏడాదిన్నరకు తొమ్మిది మంది మిగిలినారు. యుద్ధం అయిపోయినాక ఈయన జ్వరంతో నడుచుకుంటా వచ్చి ఈ ఊళ్ళో పడిపోతే మాలీ వాళ్ళమ్మ బతికించింది.

మరి ఇంటికి ఎందుకు పోలేదని ఏలీయా అడిగినాడు.

“పోతే ఒక్క పులివెందులకే పోతే సరిపోతుందా? ఆ చచ్చినోళ్ళల్లో పదిపన్నెండు మంది ఊళ్ళు ఆ చుట్టుపక్కలే. ఎదురు పడినోళ్ళకు ఏమని చెప్పేది?”

మరుసటి రోజు ఇరుసు వచ్చింది. ఏలీయా తన యాత్ర పుస్తకంలో సంతకం పెట్టమంటే సీతాపతి కలం పట్టుకొని, పట్టుకొని, తిరిగి ఇచ్చేసినాడు. ఇంటి ఆనవాలు మాత్రం చెప్పినాడు. గుడి వెనక వీధి, ఎడం పక్క రెండో ఇల్లు, అరుగు కింద మొదటి మెట్టు పగిలి ఉంటుంది. మలయాకు రాకముందు కట్టుకున్న భార్య పేరు అలివేలుమంగ.

“ఎప్పుడన్నా అటు పోతే నేను యుద్ధంలోనే చచ్చిపోయినానని చెప్పు. ఎదురుచూడటం అన్నా తప్పుతుంది.”

ఏలీయా బ్యాంకాకు దారి పట్టినాడు. రెండు రోజులు తొక్కినాడు. మూడో రోజు ఒక వంతెన మీద దిగి నిలబడి, ముందుకు చూసినాడు, వెనక్కు చూసినాడు. జీవితంలో మొదటిసారి ముందుకు పోబుద్ధి కాలేదు. చక్రం పెనాంగు వైపు తిప్పినాడు.

జమ్మలమడుగులో నవ్వుకున్నారు. జపాను యాత్ర సయాంలో దిగబడిందన్నారు. సయాం ఏలీయా అని పేరు పెట్టినారు. రత్నమణి మాత్రం నవ్వలేదు. ఆమెకు సీతాపతి సంగతంతా చెప్పినాడు. వింటానే ఆమె, ఇంకా ఈడ్నే ఎందుకుండావు, పులివెందులకు పో అనింది.

ముద్దనూరు మీదుగా పోయి ఆ ఇంటి ముందు సైకిలు దిగినాడు. అరుగు మీద ముప్పై అయిదేండ్ల ఆమె చింతకాయలు ఒలుస్తా ఉంది. నుదుట బొట్టు ఉంది. ఏలీయా వీధిలోనే నిలబడి, దారి పొడుగునా చదువుకున్న అబద్ధం ఒక్క గుక్కలో చెప్పేసినాడు. ఆమె చేతులు ఆగినాయి.

“నువ్వు చూసినావా?”

“లేదమ్మా. ఆ దేశంలో ఉండేటోళ్ళు చెప్పినారు.”

“పగిలిన మెట్టు చూసుకొని నిలబడినావు. మా ఇల్లు ఎవుర్నీ అడగలేదు. పద్నాలుగేండ్ల కిందట చచ్చిపోయినోడు నీకు మెట్టు గుర్తు చెప్పినాడా?”

ఏలీయా తల వంచుకున్నాడు. తర్వాత ఉన్నదున్నట్లు చెప్పినాడు. మాలీ సంగతి, పిల్లల సంగతి, అరవై ముగ్గురి సంగతి. ఆమె ఏడవలేదు. ఆ మాలీ అనే పిల్ల మంచిదేనా అని అడిగింది. మంచిదేనమ్మా అన్నాడు. చింతకాయల తొక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఆ ఇంట్లో మరిది రామం, అత్తగారు ఉంటారు. పన్నెండేండ్లు జాడ లేనోళ్ళకు దర్భలతో బొమ్మ చేసి కాల్చి కర్మ చేయాలని వాళ్ళ పట్టు. రెండుసార్లు ఈమె కాదని కూచుంది. ఈసారి వచ్చే నెలకు ముహూర్తం పెట్టినారు.

“బతికినోనికి చేస్తామని పెట్టుకున్నారు, నేను ఆపుకుంటా. మరి చచ్చిన ఆ యాభై నాలుగు మందికి ఎవరు చేసినారు? వాళ్ళ ఇండ్లల్లో తెలుసునా?”

తెలిసే దారి లేదన్నాడు ఏలీయా.

“రోజూ పిలిచిన పేర్లు. ఆయనకు గుర్తుండక యాడికి పోతాయి? ఊరూ పేరూ రాసి పంపమను. నేను అడిగినానని రాయి.”

లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. ఏలీయా దోసిలి పట్టబోతే, వద్దని గ్లాసు అరుగు మీద పెట్టింది. కూచొని తాగమనింది.

ఉత్తరం పోయింది. అయిదు నెలలకు జవాబు వచ్చింది. నాలుగు కాయితాలు, గుమాస్తా రాత, సన్నగా, కొట్టివేతల్లేకుండా. యాభై నాలుగు పేర్లు, ఊళ్ళు, పోయిన నెల కూడా. అలివేలుమంగ అరుగు మీద కూచుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. తనకని ఒక్క మాట లేదు. ఉందేమోనని వెనక్కు తిప్పి చూసి, మడిచి ఏలీయాకు ఇచ్చింది.

వేరే జిల్లాలవాళ్ళకు ఏలీయా కార్డులు రాసినాడు. కడప జిల్లావాళ్ళు పదకొండు మంది. ఆ సంవత్సరం శనివారాలన్నీ వాళ్ళకే సరిపోయినాయి. చాపాడు దగ్గర ఒక పల్లెలో ఎవరూ మిగల్లేదు. మైదుకూరు పక్కన అన్నదమ్ములు పేరు వినగానే, ఇప్పుడెందుకప్పా అవన్నీ అన్నారు గానీ, నెల ఏదో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇంకో రెండు ఊళ్ళల్లో ఆ గుమాస్తా ఎట్లుండాడని అడిగినారు. ఇడుపులపాయలో గోవిందమ్మ అనే ముసలామె కొడుకు గురించి విని, ఆ కాయితం చదివింది ఎవరని అడిగింది. ఏలీయా దాచలేదు. ఆమె మట్టి తీసి గాల్లోకి చల్లి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. తిట్టి తిట్టి అలసిపోయి, ఎండన పడి వచ్చినావు, సంగటి తిని పో అనింది. ఏలీయా కూచుని ముద్దంతా తిన్నాడు.

అందరికీ చెప్పినానని సీతాపతికి రాసినాడు. ఎవరన్నా నన్ను తిట్టినారా అని ఒకే ఒక్క వరుసతో తిరుగు కార్డు వచ్చింది. ఏలీయా మూడు రోజులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని వరండాలో తిరిగినాడు. అబద్ధం రాద్దామా అని రత్నమణిని అడిగితే, పులివెందులలో నీ అబద్ధం ఎంతసేపు నిలబడింది అనింది.

కూచుని రాసినాడు. ఒకామె తిట్టిందన్నాడు. ఇద్దరు మీరెట్లుండారని అడిగినారన్నాడు. అలివేలుమంగమ్మ బొట్టు తీయలేదని, కర్మ ఆపించిందని, వీధి పిల్లలకు అరుగు మీద చదువు చెప్తాందని, మిమ్మల్ని రమ్మని చెప్పలేదని, రావద్దనీ చెప్పలేదని రాసినాడు.