తోక తెగినా ముక్కలు కాని సంఖ్య

బాబాయికి లోకంలో ఒకటే పిచ్చి, ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోని సంఖ్య కనిపిస్తే చాలు, మొహం చేటంత చేసుకుంటాడు. డజను అరటిపళ్ళు కొంటే ఇంటికొచ్చేలోగా ఒకటి తినేస్తాడు. "పన్నెండు ఎటు పడితే అటు విరుగుతుందమ్మా. పదకొండైతే గట్టిపిండం" అంటాడు.

ఆయన చేసేది తాళాల రిపేరు. ఆయన మాటలు మాత్రం అక్కగారి కోడలికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆ అక్కగారింట్లో గొడవ వేరే ఉంది. అత్తగారికి మతిమరుపు ముదిరింది. ఏ కబురైనా జోరుగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి "ఆ తర్వాతేమైందబ్బా?" అని ఎదుటివాళ్ళనే అడుగుతుంది. ఆవిడ ప్రాణమంతా సాయంత్రం ఒంటరిగా వెళ్ళే షికారు మీదే. మొన్న తాళంచెవి పారేసుకుంది. కొడుకూ కోడలూ ఆఫీసుల నుంచి వచ్చేదాకా గుమ్మం బయటే వానలో తడిసింది. కొడుకు తెగేసి చెప్పాడు: "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే షికార్లు బంద్!"

మర్నాడే బాబాయి వచ్చి తలుపుకి మీటల తాళం బిగించాడు. చెవి అక్కర్లేదు, సంఖ్య నొక్కి చివర పచ్చ మీట నొక్కితే చాలు. ఆ సంఖ్య 73939133!

"ఎనిమిది అంకెలా! అత్తయ్యకా?" కోడలు లబోదిబోమంది.

"ఎంత మంచి సంఖ్యో తెలుసా? చివర మూడు కోసెయ్. మిగిలింది ప్రధాన సంఖ్యే. ఇంకోటి కోసెయ్. అదీ ప్రధానమే. కోసుకుంటూ పోతే ఏడు మిగులుతుంది, అదీ అంతే!"

"కోయడమెందుకు బాబాయిగారూ, తలుపు తెరుచుకోవాలి గానీ!"

ఆదివారం పరీక్ష. మొగుడూ పెళ్ళాలు కిటికీలోంచి చూస్తున్నారు. షికారు నుంచి వచ్చిన అత్తగారు ఏడు నొక్కింది, మూడు నొక్కింది, తొమ్మిది నొక్కింది. ఆగిపోయింది. ఆకాశం కేసి చూసింది. "అయిపోయింది" అన్నాడు కొడుకు. ఆవిడ నిట్టూర్చి పచ్చ మీట నొక్కింది.

తలుపు తెరుచుకుంది.

"చూశారా, నాకన్నీ గుర్తే!" అంటూ అత్తగారు దర్జాగా లోపలికి నడిచింది.

కోడలు బాబాయి కొట్టుకి పరుగెత్తింది. "మూడంకెలకే ఎలా తెరుచుకుంది?"

"ఎంత తోక తెగినా తెరుచుకునేలా పెట్టాను. అక్కకి మొదలు గుర్తుంటుంది, చివరేగా పోయేది!"

"అలాగైతే ఏ సంఖ్య పెట్టినా సరిపోయేదిగా?"

బాబాయి నొచ్చుకున్నాడు. "తోక తెగితే ముక్కలయ్యే సంఖ్యని మా అక్క చేతికిస్తానా?"

కోడలికి ఇప్పుడూ అర్థం కాలేదు. కానీ ఎందుకో బాబాయి ముద్దొచ్చాడు. "మరి ఆ ఏడు కూడా మర్చిపోతే?"

"నేనూ షికారుకి తోడెళ్తాను. ఇద్దరమవుతాం. రెండు కూడా ప్రధాన సంఖ్యేగా!"

మర్నాడు కోడలు డజను అరటిపళ్ళు కొంది. దారిలోనే ఒకటి తినేసి, మిగతావి బాబాయి కొట్లో ఇచ్చి వచ్చింది.